అర వెంట్రుక తేడా

మా పిన్నికూతురి పెళ్లి కాకినాడలో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు. అంతకు ముందు లోపలి గదిలో గౌరీపూజ. వీడియోవాళ్ల లైటు ఇంకా అటు రాలేదు. రెండు దీపపు కుందులు, గుమ్మంలోంచి పడుతున్న ట్యూబులైటు వెలుగు కొంచెం, అంతే. నా చేతిలో పాత రేంజ్‌ఫైండర్ కెమెరా, దానికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్స్, లోపల 400 ఐఎస్ఓ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్. ఆ లెన్స్ కొన్నదే ఇలాంటి వెలుతురు కోసం కదా అని ఎపర్చర్ పూర్తిగా తెరిచేశాను. షట్టర్ 1/30 మీద పెట్టి, మీటరు దూరంలో చతికిలబడి, ఎనిమిదో తొమ్మిదో ఫ్రేములు తీశాను. రీలు కడిగించి చూస్తే రెండే నిలబడ్డాయి. మిగతావాటిలో పెళ్లికూతురి నుదుటి మీది బాసికం కత్తిలా ఉంది, దారపు పోగులు లెక్కపెట్టొచ్చు. కళ్లు మాత్రం మబ్బు పట్టినట్టున్నాయి. ఒకదాంట్లో అయితే చెవి జూకా అద్భుతంగా వచ్చింది.

తప్పు లెన్స్‌దా, కెమెరాదా, నాదా? రేంజ్‌ఫైండర్ మీద ఎఫ్ 1.4, 1.2, 1.0, 0.95 లాంటి నార్మల్ లెన్సులు వాడేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతారు. డబ్బు పోసి కొన్న ఆ చివరి స్టాపు నిజంగా చేతికి అందుతుందా అన్నదే అసలు సంగతి.

ముందు కెమెరా గురించి రెండు మాటలు. రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్ గుండా చూడం. పక్కనున్న గాజు కిటికీలోంచి చూస్తాం. కొంచెం ఎడంగా ఇంకో చిన్న కిటికీ ఉంటుంది. దాని బొమ్మ అద్దాల మీదుగా వచ్చి వ్యూఫైండర్ నడుమ ఒక చిన్న ప్యాచ్‌లో పడుతుంది. లెన్స్ రింగు తిప్పుతుంటే ఆ రెండో బొమ్మ అడ్డంగా జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి అతుక్కుంటే ఫోకస్ కుదిరినట్టు. సర్వేయర్లు ఏటికి ఇవతలే నిలబడి అవతలి గట్టు దూరం కొలిచే పద్ధతే ఇదీ. వాళ్ల త్రిభుజం అడుగు బారెడుంటే, ఇక్కడ బెత్తెడు కూడా ఉండదు.

ఈ కొలిచే పరికరాన్ని లెన్స్‌తో ముడిపెట్టి అమ్మడం 35 మిల్లీమీటర్ల కెమెరాల్లో 1932లో మొదలైంది. ఆ ఏడాది లైకా 2, జైస్ ఇకాన్ వారి కాంటాక్స్ రెండూ వచ్చాయి. కాంటాక్స్ కోసం లుడ్విగ్ బెర్టెలె ఎఫ్ 1.5 సొన్నార్ లెన్స్ గీశాడు. అప్పటి ఫిల్మ్ ఎంత నెమ్మదిదో తలుచుకుంటే ఆ తాపత్రయం అర్థమవుతుంది. 1936లో 35 మిల్లీమీటర్లలో వచ్చిన కొడాక్రోమ్ వేగం నేటి లెక్కలో 10 ఐఎస్ఓ దరిదాపు. మన 400 ఫిల్మ్‌తో పోలిస్తే అయిదు స్టాపులకు పైగా వెనక. ఆ రోజుల్లో వేగం లెన్స్ నుంచే రావాలి, ఇంకెక్కడినుంచీ రాదు.

బెర్టెలె తెలివంతా గాజు పలకలను అతికించడంలో ఉంది. పూత లేని గాజు మీద పడిన వెలుగులో నాలుగైదు శాతం వెనక్కి తుళ్లిపోతుంది. ఎఫ్ 1.5 సొన్నార్‌లో ఏడు గాజు ముక్కలున్నా వాటిని మూడు గుంపులుగా అతికించడంతో గాలి తగిలే ముఖాలు ఆరే. అదే ఏడు ముక్కలను అయిదు గుంపులుగా పేరిస్తే పది ముఖాలవుతాయి. ఆరు ముఖాలు దాటిన వెలుగు వందకు 78 వంతులు ఫిల్మ్‌ను చేరితే, పది ముఖాలు దాటింది 66 దగ్గర ఆగిపోతుంది. పోయిన వెలుగు ఊరికే పోదు, లోపల అటూ ఇటూ తిరిగి నీడల్లో బూజులా పరుచుకుంటుంది. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మాకులా గాజుకు పూత వేసే పద్ధతి కనిపెట్టాక ఈ బాధ తగ్గింది. తర్వాత ముఖాలు ఎక్కువున్న డబుల్ గౌస్ రకం లెన్సులదే రాజ్యం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పందెం జపాన్‌కు మారింది. 1950లో నికాన్ వారి నిక్కోర్ 1.4. 1953లో జునోవ్ 1.1. 1954లో ఫుజినాన్ 1.2. 1956లో నిక్కోర్ 1.1, కానన్ 1.2. 1961లో కానన్ 7 కెమెరాతో పాటు 0.95. మనిషి కంటికన్నా నాలుగు రెట్లు వెలుగైన లెన్స్ అని కానన్ దీన్ని ప్రచారం చేసుకుంది. చీకట్లో పూర్తిగా విచ్చుకున్న కన్ను ఇంచుమించు ఎఫ్ 2 లెన్స్‌తో సమానం గనక ఆ గొప్పలో అబద్ధం పెద్దగా లేదు. లైకా వాళ్లు నెమ్మదిగా వచ్చారు: 1959లో సుమ్మిలుక్స్ 1.4, 1966లో రెండు ఆస్ఫెరికల్ ముఖాలు చేత్తో అరగదీసిన నోక్టిలుక్స్ 1.2, 1970ల మధ్యలో కెనడాలోని మిడ్‌లాండ్‌లో వాల్టర్ మాండ్లర్ గీసిన నోక్టిలుక్స్ 1.0, 2008లో 0.95.

ఈ పందెంలో లెన్సులు ఒళ్లు పెంచాయి, కెమెరాలు మాత్రం పెరగలేదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 2 లెన్స్ ముందు నిలబడి చూస్తే వెలుగు దూరే కన్నం 25 మిల్లీమీటర్లు. ఎఫ్ 1.4కి 36. ఎఫ్ 0.95కి 53. నికాన్ రేంజ్‌ఫైండర్లలో ఫోకస్ మర బాడీలోనే ఉండేది, నార్మల్ లెన్స్ దాని మీద ఎక్కి తిరిగేది. 1.1 నిక్కోర్ బరువు ఆ సన్న మరకు భారమై, 1959లో బయటి పళ్లకు తగిలించేలా మళ్లీ తయారుచేయాల్సి వచ్చింది. కానన్ 0.95 పాత స్క్రూ మౌంట్‌లో పట్టక బయట ఇంకో బయొనెట్ పెట్టించుకుంది. రేంజ్‌ఫైండర్ మీట ఆడటానికి చోటు కావాలని వెనక గాజు పైఅంచు కోశారు కూడా. గాజుకు చోటు కోసం గాజునే కోయడం నాకు చాలాసార్లు గుర్తొస్తుంది. ఇంటికి పొయ్యి పట్టక గోడకు కన్నం పెట్టినట్టు.

రేంజ్‌ఫైండర్‌కు చీకట్లో ఒక సుగుణం ఉంది, దాన్ని ముందు ఒప్పుకోవాలి. ఎస్సెల్లార్ అనే అద్దం కెమెరాలో చూసేది లెన్స్ గుండా గనక లెన్స్ నెమ్మదిదైతే తెర కూడా మసకబారుతుంది. ఇక్కడ ఆ చింత లేదు. లెన్స్ ఏదైనా కిటికీ కిటికీయే. దీపం వెలుగులో కూడా ఒక అంచు, ఒక బొట్టు, ఒక ముక్కుపుడక మెరుపు దొరికితే చాలు, రెండు బొమ్మలు ఠక్కున కలుస్తాయి. పైగా ఎగిరిపడే అద్దం లేదు, మోచేతులు పక్కలకు ఆనించి ఊపిరి బిగబడితే 1/15 దగ్గర కూడా చెయ్యి వణకదు. ఈ సుగుణమే ఫాస్ట్ లెన్స్ అవసరాన్ని కొంత మింగేస్తుంది. అద్దం కెమెరాలో ఎఫ్ 1.4, 1/30 కావలసిన చోట రేంజ్‌ఫైండర్‌తో ఎఫ్ 2, 1/15 సరిపోతుంది, ఎదుటి మనిషి కదలకపోతే.

ఇక దుర్గుణం. కిటికీలో లోకమంతా స్పష్టంగానే కనిపిస్తుంది. ముక్కు, చెవి, వెనక గోడ మీది క్యాలెండర్ అన్నీ ఒకే పదును. ఎఫ్ 1.0 దగ్గర ఏది కరుగుతుందో, ఎంత కరుగుతుందో ఫిల్మ్ కడిగేదాకా తెలియదు. బ్యాక్‌గ్రౌండ్ కరిగించడం కోసమే ఈ లెన్సులు కొనేవాళ్లు ఎక్కువైన కాలంలో, ఆ కరగడం కళ్లకు కనపడని కెమెరా మీద దాన్ని వాడటం చిత్రమైన ముచ్చటే. అద్దెకు తెచ్చిన పట్టుచీర చీకట్లో కట్టుకున్నట్టు.

ఇప్పుడు లెక్క. కాగితం మీద వేసి చూసేదాకా నాకూ నమ్మకం కుదరలేదు.

50 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఒక మీటరు దూరంలో, పాత పుస్తకాల కొలత ప్రకారం, ఎఫ్ 2 దగ్గర పదునుగా ఉండే లోతు సుమారు 4.6 సెంటీమీటర్లు. ఎఫ్ 1.4 దగ్గర 3.2. ఎఫ్ 1.0 దగ్గర 2.3. అంటే ఎఫ్ 1.0లో ముందుకు ఒక సెంటీమీటరు, వెనక్కి ఒక సెంటీమీటరు మాత్రమే మనకు క్షమాపణ.

అటు రేంజ్‌ఫైండర్ ఎంత కచ్చితంగా కొలవగలదు? అది రెండు కిటికీల ఎడాన్ని, వ్యూఫైండర్ ఎంత పెద్దది చేసి చూపిస్తుందన్నదాన్ని గుణిస్తే తెలుస్తుంది. లైకా ఎం కెమెరాల్లో కిటికీల ఎడం 69 మిల్లీమీటర్ల దగ్గర. వ్యూఫైండర్ 0.72 రెట్లదైతే పనికొచ్చే ఎడం 50 మిల్లీమీటర్లు. 1954 నాటి ఎం3లో 0.91 రెట్లు గనక 63 దాకా వస్తుంది. కానన్ 7లో 47. కొసినా వాళ్ల ఫోక్ట్‌లాండర్ బెస్సా ఆర్‌లో 25 మాత్రమే. మామూలు కన్ను ఒక నిమిషం కోణం తేడాను పట్టగలదనుకుంటే, మీటరు దూరంలో 50 మిల్లీమీటర్ల ఎడం చేసే పొరపాటు ఆరు మిల్లీమీటర్ల లోపు. బెస్సా ఆర్ చేసేది దానికి రెట్టింపు, ఒక సెంటీమీటరు పైన. అంటే ఎఫ్ 1.0 ఇచ్చిన క్షమాపణంతా బెస్సా ఆర్ మీద కొలతలోనే ఖర్చయిపోతుంది. ఎం మీద సగం మిగులుతుంది.

దూరం జరిగితే మెరుగుపడుతుందనుకుంటారు చాలామంది. పడదు. దూరం పెరిగేకొద్దీ పదును లోతు వర్గంలో పెరుగుతుంది, రేంజ్‌ఫైండర్ పొరపాటూ అదే వర్గంలో పెరుగుతుంది. మూడు మీటర్ల దగ్గర కూడా నిష్పత్తి అదే. మేలు ఒక్కటే: దూరాన ముక్కు, కన్ను, చెవి అన్నీ ఆ లోతులో పట్టేస్తాయి, తప్పు జరిగినా ముఖంలో కనిపించదు.

పాత పుస్తకాల కొలత అని ఎందుకన్నానంటే, అది చిన్న ప్రింటును చేతి దూరంలో చూసే రోజులది. ఇప్పుడు ఫైలును కంప్యూటర్ తెర మీద నూటికి నూరుపాళ్లు పెంచి కనురెప్పల వెంట్రుకలు వెతుకుతాం. కొలతను సగానికి బిగిస్తే పదును లోతు కూడా సగమవుతుంది. అప్పుడు ఎఫ్ 1.0కి అటూ ఇటూ మిగిలేది ఆరు మిల్లీమీటర్ల లోపు. ఎం కెమెరా చేసే పొరపాటూ దాదాపు అంతే. మిగులు సున్నా.

ఇదంతా కెమెరా కొత్తది, సర్దుబాటు సవ్యంగా ఉన్నది అనుకుని వేసిన లెక్క. లోపల జరిగేది ఇంకా సున్నితం. లైకా బాడీలో పైన చిన్న రోలర్ ఒకటి లెన్స్ వెనక అంచును తడుముతూ ఉంటుంది. లెన్స్ ముందుకు జరిగితే రోలరూ వెంట జరుగుతుంది, ఆ కదలికే అద్దానికి చేరుతుంది. ఈ ఏర్పాటు 51.6 మిల్లీమీటర్ల లెన్స్‌కు సరిపోయేలా కట్టింది. అందుకే ఈ కెమెరాల మీద నార్మల్ లెన్స్ ఇంటిపిల్లలా ఉంటుంది, వైడ్, టెలి లెన్సులు వాలు అంచుతో అనువాదం చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంటిపిల్ల అయినా ఎంత జరుగుతుందో చూడండి. మీటరు దగ్గర ఉన్న ముఖం ఒక సెంటీమీటరు వెనక్కి వెళ్తే రోలర్ జరిగే దూరం 0.03 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందంలో ఇంచుమించు సగం. బస్సులో ఒళ్లో బ్యాగు ఒక్కసారి ఎగిరిపడినా, లెన్స్ అంచు మీద అర వెంట్రుక అరుగుదల ఉన్నా, బాసికానికి కళ్లకు మధ్య దూరం పోయినట్టే.

నా కెమెరాకు అదే జరిగింది. పెళ్లి ఫొటోలు చూశాక దినపత్రికలో చిన్న ప్రకటనల పేజీ తీసి, బల్ల మీద నలభై అయిదు డిగ్రీల వాలులో పెట్టి, ఒక వరుస కింద ఎర్ర గీత గీసి, మీటరు దూరం నుంచి దానికే ఫోకస్ చేసి తీశాను. ఎర్ర గీత దగ్గర ఉన్న ‘ఇల్లు అద్దెకు’ మసక. దానికి రెండు వరుసలు ఇవతల ఉన్న ‘వధువు కావలెను’ పదును. రాత్రి చంద్రుడి మీద చూస్తే రెండు చందమామలు అతుక్కోకుండా అంచులు కొంచెం తప్పుతున్నాయి. ఒక రిపేరుషాపుకిచ్చాను. సరిచేశామని ఇచ్చిన దాంట్లో దూరం కుదిరింది, దగ్గర పాడైంది. రెండోసారి ఇంకొకరు చిన్న ఆలెన్ కీతో రోలర్‌ను ఎంతో జాగ్రత్తగా ఒక వెంట్రుకవాసి తిప్పి, మీటరుకీ అనంతానికీ మధ్య నాలుగుసార్లు చూసుకుని ఇచ్చారు. అప్పటినుంచి ఆ దినపత్రిక పేజీ నా బీరువాలోనే ఉంది.

కెమెరా సవ్యంగా ఉన్నా లెన్స్ తనంతట తాను మోసం చేయొచ్చు. అంచుల గుండా వచ్చే కిరణాలు, నడిమి కిరణాలు ఒకేచోట కలవని లెన్సుల్లో ఎపర్చర్ మూసేకొద్దీ పదును తలం వెనక్కి జరుగుతుంది. దీన్నే ఫోకస్ షిఫ్ట్ అంటారు. ఎస్సెల్లార్‌లో, మిర్రర్‌లెస్‌లో ఎపర్చర్ మూసి చూస్తే అది కళ్లకు కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌కు ఎపర్చర్ ఎంత ఉందో తెలియదు, అది ఒక్క దూరమే చెబుతుంది. సొన్నార్ వంశానికి ఈ గుణం రక్తంలోనే ఉంది. 2006లో జైస్ మళ్లీ తెచ్చిన సి సొన్నార్ 1.5 కొన్నవాళ్లలో కొందరిది ఎఫ్ 2.8కి, కొందరిది ఎఫ్ 1.5కి సర్ది వచ్చింది. ఎఫ్ 2.8కి సర్దినదాన్ని పూర్తిగా తెరిస్తే పదును ముక్కు వైపు వచ్చేస్తుంది. ఎఫ్ 1.5కి సర్దినదాన్ని 2.8కి మూస్తే చెవి వైపు పోతుంది. ఆ లెన్స్ ప్రేమికులు దీన్ని కూడా ముద్దుగానే చెప్పుకుంటారు. ప్రేమ అలాంటిది.

మనిషి సంగతి మిగిలింది. ప్యాచ్ వ్యూఫైండర్ నడుమ ఉంటుంది, కన్ను ఫ్రేములో నడుమ ఉండదు. కన్ను మీద ఫోకస్ చేసి, కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేము సర్దుకుంటాం. పదిహేను డిగ్రీలు తిప్పితే మీటరు దూరంలో పదును తలం కన్నుకు మూడు సెంటీమీటర్లకు పైగా వెనక పడుతుంది. ఎఫ్ 1.4 ఇచ్చే ఒకటిన్నర సెంటీమీటరు దానికెక్కడ ఆనుతుంది? నా ఫ్రేముల్లో జూకా బాగా వచ్చింది ఇందుకే అయ్యుంటుంది. తిప్పడం బదులు కెమెరాను పక్కకు జరిపితే కొంత నయం. ఫ్రేము సర్దుకున్నాక ఒళ్లు ఒక వేలెడు వెనక్కి వాల్చడం కొందరి అలవాటు, వాళ్లకది సాధన మీద వచ్చింది. నేలమీద చతికిలబడ్డ మనిషి ఊపిరి తీస్తేనే ఒక సెంటీమీటరు ఊగుతాడు. గోడకో స్తంభానికో వీపు ఆనించడం కన్నా మంచి ఉపాయం నాకు ఇంతవరకూ దొరకలేదు.

నలభై దాటినవాళ్లకు ఇంకో మాట. లైకా వ్యూఫైండర్ బొమ్మ మైనస్ అర డయాప్టర్‌లో, అంటే రెండు మీటర్ల దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ దూరం మీ కళ్లకు అలుక్కుపోతుంటే ఏ లెన్స్ కొన్నా వ్యర్థమే. కళ్లజోడుతోనైనా, కంటి దగ్గర తగిలించే దిద్దుబాటు లెన్స్‌తోనైనా ముందు ప్యాచ్ అంచు స్పష్టం చేసుకోవాలి. 1.25 రెట్ల మాగ్నిఫయర్ బిగిస్తే 0.72 కెమెరా కూడా కొలతలో ఎం3తో సమానమవుతుంది. దాని ధర ఒక స్టాపు ఎక్కువ వేగమున్న లెన్స్ ధరలో చిన్న వంతు. ముందు కొనాల్సింది అది.

పగటి వెలుగులో ఈ లెన్సులు ఇంకో రకం తలనొప్పి. ఎండలో 400 ఫిల్మ్ వేసి ఎఫ్ 1.4 తెరిస్తే సెకనులో యాభై వేలో వంతు షట్టర్ కావాలి. లైకా ఎం6 ఇచ్చేది 1/1000. నల్ల గాజు ఫిల్టర్ వేసుకోవడం, లేదా నోరుమూసుకుని ఎఫ్ 11కి తిప్పడం. 2022 నాటి ఎం11లో ఎలక్ట్రానిక్ షట్టర్ 1/16000 దాకా పోతుంది, కనిష్ఠ ఐఎస్ఓ 64, అక్కడ ఈ గొడవ తీరింది. రాత్రి వెలుగు కోసం పుట్టిన లెన్స్‌ను మిట్టమధ్యాహ్నం తెరవడానికి ఇంత యంత్రాంగం.

డిజిటల్ వచ్చి అసలు ప్రశ్ననే మార్చేసింది. వెలుతురు కరువు ఇప్పుడు సెన్సర్ తీరుస్తోంది, 6400 ఐఎస్ఓ మామూలు మాట. అదే డిజిటల్, 2012లో ప్రకటించిన లైకా ఎం టైప్ 240 నుంచి, లైవ్ వ్యూ తెచ్చింది. లెన్స్ చూసేదే తెర మీద చూడొచ్చు. రోలర్ అరుగుదల, ఫోకస్ షిఫ్ట్, కిటికీల ఎడం ఏదీ అక్కర్లేదు. అయితే అక్కడితో అది రేంజ్‌ఫైండర్ వాడకం కాదు. ఆ పని చేయడానికి రేంజ్‌ఫైండరే కావాలా అని అడిగితే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

ధరల కథా మారింది. ఒకప్పుడు 0.95 అంటే పదివేల డాలర్లు దాటిన నోక్టిలుక్సే. 2009లో ఫోక్ట్‌లాండర్ నోక్టాన్ 1.1 తెచ్చింది. తర్వాత 1.2, 1.0 కూడా వచ్చాయి. చైనా కంపెనీలు 7ఆర్టిజాన్స్ 1.1, టీటీఆర్టిజాన్ 0.95 లాంటివి ఇంకా చవగ్గా ఇస్తున్నాయి. వీటిలో నాకు నచ్చింది గాజు కాదు. 7ఆర్టిజాన్స్ 1.1తో ఒక పరీక్ష కాగితం కూడా ఇస్తారు, లెన్స్ వెనక రేంజ్‌ఫైండర్ అంచును మనమే సర్దుకోవచ్చు. రేంజ్‌ఫైండర్ మీద ఫాస్ట్ లెన్స్ అంటే ఏమిటో ఆ కాగితం పెట్టినవాడికి బాగా తెలుసు.

సెకండ్ హ్యాండ్‌లో పాత ఫాస్ట్ లెన్సులు కొనేవాళ్లు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ ఊళ్లలో ఉండేవాళ్లు, టార్చి పట్టుకుని వెళ్లాలి. 1949 నాటి లైకా సుమ్మరిట్ 1.5 ముందు గాజు మెత్తన, గీతలు పడని ముక్క దొరకడం అరుదు. లోపలి మసకపొర ఆ కాలపు లెన్సుల్లో చాలావాటికి ఉన్న జబ్బే. వర్షాకాలం దాటితే బూజు దారాలు వస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టడం కన్నా మూత బిగిసే డబ్బాలో సిలికాజెల్ మేలు, బియ్యం దుమ్ము లెన్స్ మరలో చేరితే తీయడం ఎవరి తరమూ కాదు.

మరి ఏది కొనాలి? నా మాట వింటే, రేంజ్‌ఫైండర్‌కు ఎఫ్ 1.4 లేదా 1.5 చివరి మెట్టు. అక్కడిదాకా కొలత, మర, చెయ్యి కలిసి నడవగలవు, పది ఫ్రేముల్లో ఆరేడు నిలబెట్టుకోవచ్చు. సుమ్మిలుక్స్ 335 గ్రాములు, మెడకు భారం కాదు. లైకా వారిదే ఎఫ్ 2 సుమ్మిక్రాన్ 240, ఎక్కువ ప్రయాణం చేసేవాళ్లకు అదే చాలు. నోక్టిలుక్స్ 0.95 బరువు 700 గ్రాములు. మీటరు కన్నా దగ్గరికి రాదు. వ్యూఫైండర్ కింది కుడి మూలను తన ఒంటితో మూసేస్తుంది. కొనే స్తోమతుంటే కొనండి, దాని వెలుగుకు ఒక మత్తు ఉన్న మాట నిజమే. 1.0కి 0.95కి మధ్య వెలుగు తేడా స్టాపులో ఆరో వంతు కూడా లేదని మాత్రం తెలిసి కొనండి.

మొన్న మాఘమాసంలో ఇంకో పెళ్లి, ఈసారి సామర్లకోటలో. రెండు దీపాలు, గౌరీపూజ, పీట. ఎఫ్ 2 పెట్టాను, 1/15. వీపు గోడకు ఆనించాను. పెళ్లికూతురి ముక్కుపుడక మెరుపు మీద రెండు బొమ్మలు కలిశాయి, ఊపిరి బిగబట్టాను. గుమ్మంలోంచి వీడియో కుర్రాడు లైటు ఎత్తి, ‘‘అంకుల్, కొంచెం జరగండి’’ అన్నాడు. గదంతా తెల్లబడిపోయింది. ఎపర్చర్ 5.6కి తిప్పాను.